సింహం కాలికి కట్టిన తాడు

ఆ పొద్దున ఆకాశం పని ఎగ్గొట్టాలని చూసే కూలివాడిలా ఉంది. మబ్బులు ఉన్నాయి గానీ ఏ ఒక్కటీ ఒక చోట నిలబడి కురుస్తానని మాటివ్వడం లేదు. తూర్పున కాసేపు ఎరుపు చూపించి, ఎందుకు చూపించామా అన్నట్టు మళ్ళీ కప్పేసుకున్నాయి. మా మామ వాకిట్లో నిలబడి తల పైకెత్తి చూశాడు. ఆయన పైకి చూడడం అరుదు. బతుకంతా నేలలోకి చూసిన మనిషి.

"వాన రాదు," అన్నాడు.

అది విని అత్త లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చుకుంది.

మా మామ బావులు తవ్వేవాడు. మా చుట్టుపక్కల ఉన్న బావుల్లో సగం ఆయన తవ్వినవి, మిగతా సగం ఆయన వంకలు పెట్టినవి. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాను. తట్ట మోయడం, గిలక లాగడం నా పని. మాట్లాడడం మా ఆవిడ పని. అలా పంచుకున్నాక ఇంట్లో ఏ గొడవా లేదు.

బావి పనిలో రెండు తాళ్ళుంటాయి. మట్టి పైకి లాగే తాడు ఒకటి, అది నాది. దిగేవాడి నడుముకి కట్టే తాడు ఇంకొకటి. ఆ నడుము తాడు చివర మాత్రం పెళ్ళాం చేతిలోనే ఉండాలి. మా పనివాళ్ళలో అదొక కట్టుబాటు. తమ్ముడు పట్టుకోకూడదు, కొడుకు పట్టుకోకూడదు, అల్లుడు అసలే పట్టుకోకూడదు. ఎందుకని కొత్తలో ఒకసారి అడిగాను.

"తమ్ముడికి పొలం కలిసొస్తుంది. అల్లుడికి ఇల్లు కలిసొస్తుంది," అన్నాడు మామ. "పెళ్ళానికైతే సగంలో ఆగిన పోట్లాట ఒకటి ఎప్పుడూ మిగిలే ఉంటుంది. అది తేలేదాకా మనిషిని పోనివ్వదు."

కింద నుంచి ఒక్క లాగు లాగితే బాగున్నాను అని. పైనుంచి తిరిగి ఒక్క లాగు, ఉన్నాను అని. రెండు లాగితే పైకి తియ్యమని. మామా అత్తా నోటితో మాట్లాడుకున్నదానికంటే ఆ తాడుతో మాట్లాడుకున్నదే ఎక్కువ. తాడుతో తిట్టుకోవడం కుదరదు కాబట్టే ఆ కాపురం నిలబడిందని మా ఆవిడ అంటుంది.

తర్వాత బోరు మిషన్లు వచ్చాయి. మిషన్‌కి నడుమూ లేదు, పెళ్ళామూ లేదు. పూటలో పని ముగించుకుని వెళ్ళిపోతుంది. మామకి పని తగ్గింది, తర్వాత లేకుండా పోయింది. ఒకరోజు ఏం తోచిందో, తను వయసులో ఉండగా తవ్విన బావి ఒకటి చూసొస్తానని వెళ్ళాడు. రాయి తగిలి మూడు గునపాలు విరిగినా వదలకుండా ఊట పట్టిన బావి అది. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చున్నాడు.

"పైన పలకలు పరిచేశారు. ఎవడో దాని మీద కుర్చీ వేసి గడ్డాలు గీస్తున్నాడు," అన్నాడు. "ఇక్కడ బావి ఉండాలి కదా అంటే, ఉందా అన్నాడు. గడ్డం గీయనా అని కూడా అడిగాడు."

మర్నాడు పొద్దున్నే ఇంటి వెనక చిక్కుడు పాదులో నాలుగు మూలలా నాలుగు గూటాలు దిగ్గొట్టాడు. పచ్చి కర్రలు, అప్పుడే నరికినవి.

"ఏం కడుతున్నారు మామా?"

"సమాధి," అన్నాడు, పొయ్యి కడుతున్నా అన్నంత తేలిగ్గా. "రాతితో. పైన చిన్న గుమ్మటం. ముందు నా పేరు, కింద నా పని."

"మీరింకా బతికే ఉన్నారు కదా."

"పోయాక అయితే నువ్వు కట్టాలి. గొడ్ల పాక గోడ నువ్వు కట్టావు, చూస్తూనే ఉన్నాను."

ఆ గోడ నిజంగానే కొంచెం వంగింది.

"మీ అత్తకి కూడా చోటు పెట్టాను. జంటగా," అన్నాడు.

ఆ ముక్క అత్తతో చెప్పారా అని నేను అడగలేదు. చెప్పలేదని మొహంలోనే ఉంది.

మా ఇంటి చుట్టూ అంతా రాతి నేల. గడ్డపార వేస్తే నిప్పు వస్తుంది గానీ మన్ను రాదు. ఆ చిక్కుడు పాదొక్కటే మెత్తగా ఉంటుంది. ఎందుకంటే ఏళ్ళ తరబడి ఏ బావిలో పూడిక తీసినా, ఆ మన్ను ఇంత తట్టతో తెచ్చి అత్త అక్కడ పోసుకుంది. ఇంట్లో అందరి కడుపూ సగం అక్కడే నిండుతుంది. గూటాలు చూసి అత్త కేకలు వేయలేదు. పందిరికి పాకిన తీగని ఒక గూటం మీంచి తప్పించి పక్కకి పెట్టి, చేతులు దులుపుకుంది.

"నా పాదులో పార పడిన రోజు నేను మా చెల్లెలింటికి పోతాను," అంది.

అత్త ఊరికే అనే మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో మామ వంకాయ కూర బాగాలేదన్నాడని ఇక వండనంది. ఆ ఇంట్లో నేను ఇప్పటిదాకా వంకాయ చూడలేదు.

మామ కూడా తక్కువ తినలేదు. రాయి కోసం మనిషిని రమ్మని కబురంపాడు. వారం తిరిగేసరికి రాయి వస్తుంది. అప్పుడు మా ఆవిడకి ఆలోచన తట్టింది.

"నాన్నని ఆ పాత రాజుల ఊరికి తీసుకెళ్దాం," అంది నాతో. "రాజ్యమంతా ఏలినవాడి సమాధికే దిక్కు లేదు. చూస్తే ఆయనకే తెలిసొస్తుంది."

"తెలిసిరాకపోతే?"

"నువ్వు మాట్లాడకపోతేనే బాగుంటావు," అంది. అందుకని ఆ మబ్బుల పొద్దున అత్తామామలతో పాటు బస్సెక్కాను.

రాజుల ఊరంటే ఊరేం లేదు. బస్సు దిగగానే టీ కొట్టు, దాని వెనక కనుచూపు మేర పడిపోయిన రాళ్ళు. రాళ్ళ మధ్యలో ఒక గైడు పట్టుకున్నాడు మమ్మల్ని. సన్నటి మనిషి, చేతిలో పేము బెత్తం. పలకరించక ముందే మొదలుపెట్టాడు.

"రండి, ఇది ప్రపంచంలోనే రెండో అతి పెద్ద రాతి మండపం."

"మొదటిది ఎక్కడుంది?" అంది మా ఆవిడ.

"దాని సంగతి అక్కడి గైడు చెప్తాడండి."

ముందు గుడికి తీసుకెళ్ళాడు. పైకప్పు సగం ఉంది. మిగతా సగం కింద పడి ఉంది, దాని మీద కూర్చుని జనం ఫొటోలు తీయించుకుంటున్నారు. లోపల దేవుడు నిలబడి ఉన్నాడు. చేతులున్నాయి, నడుముకి రాతి నగలున్నాయి, తల లేదు.

"ఏ దేవుడు బాబూ?" అంది అత్త.

"తెలీదండి. తల దొరకలేదు."

"పూజలు?"

"ఆపేసి చాలా కాలమైందండి. రాజ్యం పోయాక ఈయన పని కూడా పోయింది."

మామ దేవుణ్ణి కింది నుంచి మీదికి చూశాడు. మీద ఏమీ లేకపోయేసరికి మళ్ళీ కిందికి చూశాడు. తన ఈడువాణ్ణి రచ్చబండ దగ్గర చూసినట్టు చూశాడు.

"బోరు మిషన్ వచ్చుంటుంది," అన్నాడు.

అత్త చేతులు జోడించబోయి ఆగింది. "పేరు తెలీకుండా ఏమని మొక్కను?"

"మొక్కు. తవ్వినవాడి పేరు తెలీకుండా నీళ్ళు తాగడం లేదా జనం," అన్నాడు మామ.

అత్త మొక్కింది. "తలలేని స్వామీ, చెవులు లేకపోయినా విను. ఈయనకి బుద్ధి ఇవ్వు."

"తలలేనివాణ్ణి బుద్ధి అడుగుతున్నావేమే," అన్నాడు మామ.

గైడు నవ్వాలో వద్దో తెలియక బెత్తంతో ఇంకో స్తంభాన్ని చూపించాడు.

అక్కడి నుంచి గుమ్మటం. దూరానికే కనపడింది. బోర్లించిన కాగులాగా ఉంది. దగ్గరికి పోయేకొద్దీ పెరిగింది. చివరికి దాని నీడలో నిలబడితే మేం నలుగురం చీమల్లా అయిపోయాం. ద్వారానికి రెండు పక్కలా రెండు రాతి సింహాలు. ఒకదానికి మూతి అరిగిపోయి గొర్రెలా ఉంది. లోపల్నుంచి మేకలు బయటికొస్తున్నాయి, ఏదో సభ ముగిసినట్టు.

మా ఆవిడ నా మోచేతిని పొడిచింది. ఇక చూడు అని.

"ఏ రాజుదండీ ఇది?" అంది గైడుతో, తండ్రికి వినపడేలా.

"పేరు ఆ ద్వారం మీదే చెక్కి ఉండేదండి. వానకి అరిగిపోయింది. ఇక్కడోళ్ళు మేకల గుమ్మటం అంటారు."

"విన్నావా నాన్నా. అంత రాజుకి మిగిలింది మేకలు."

మామ మేకల్ని చూశాడు. పిల్ల మేక ఒకటి సింహం మీదికెక్కి దూకుతోంది.

"మేకలైనా వస్తున్నాయి," అన్నాడు.

మా ఆవిడ నోరు మూతపడింది. నాకు తెలిసి అది రెండోసారి. మొదటిసారి పెళ్ళిలో.

ఆ తర్వాత మామకి హుషారొచ్చింది. భుజానికున్న సంచిలోంచి నడుము తాడు తీశాడు. ఇంకొకరు తువ్వాలు తెచ్చుకున్నట్టు ఆయన ఎక్కడికెళ్ళినా ఆ తాడు వెంట ఉంటుంది. దాంతో ద్వారం కొలిచాడు, గోడ మందం కొలిచాడు. గోడని పిడికిలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. "చెమ్మ దిగుతోంది. మనం చేసేటప్పుడు అడుగున కంకర వేద్దాం అల్లుడూ," అన్నాడు. నేను మా ఆవిడ వైపు చూడలేదు. చూస్తే తప్పు నాదవుతుంది.

లోపల మధ్యలో నల్లరాతి సమాధి, మంచమంత. నునుపుగా ఉంది. అత్త తెచ్చిన సద్ది మూటని దాని మీద పెట్టబోతే గైడు వద్దన్నాడు. ద్వారం పక్కన గట్టు మీద పెట్టింది.

"అందులో ఏమీ లేదండి. చూపుకి పెట్టింది. అసలుది కింద," అని, గైడు మూలనున్న బొక్క చూపించాడు. నేలలోకి మెట్లు. అయిదారు కనపడుతున్నాయి, తర్వాత చీకటి. "కింద రెండు గుంటలున్నాయి. ఒకదాంట్లో రాజు. రెండోది రాణి కోసం ముందే చేయించాడంట."

"జంటగా," అన్నాడు మామ నాతో. చూశావా, రాజులకీ నాకూ ఒకటే తోచింది అన్నట్టు.

"రాణి గారు కూడా అక్కడే ఉన్నారా?" అంది అత్త.

"లేదండి. అది ఖాళీ. ఆమె రాలేదు."

"ఎందుకని?"

"చరిత్రలో లేదండి."

అత్త నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదే నవ్వడం. "చరిత్రలో ఎందుకుంటుంది నాయనా. అడిగి ఉండడు."

మామకి ఆ మాట వినపడలేదు. ఆయన అప్పటికే బొక్క అంచున వంగి వాసన చూస్తున్నాడు. బావి పనివాడికి నేలలో బొక్క కనపడితే దిగకుండా ఉండడం చేతకాదు. తాగేవాడికి సారా కొట్టు ఎలాగో ఇదీ అలాగే.

"ఖాళీగానే ఉందంటున్నావుగా. కొలత చూసొస్తాను."

"దిగకూడదండి. గబ్బిలాలున్నాయి."

"నాకు చుట్టాలే," అంటూ తాడు నడుముకి కట్టుకున్నాడు. దిగాల్సింది మెట్లు. ఆ మెట్ల మీద మేక కూడా దిగుతుంది, ఎక్కుతుంది. అయినా కట్టుకున్నాడు. కట్టుకుని, వెనక్కి చూడకుండా చెయ్యి చాచి తాడు చివర వెనక్కి ఇచ్చాడు. అత్త చెయ్యి దానంతటదే అందుకుంది. ఏళ్ళుగా అంతే. ఇచ్చేవాడు చూడడు, తీసుకునేది అడగదు.

మామ దిగాడు. అత్త గుప్పిట్లోంచి తాడు కొంచెం కొంచెంగా జారింది. ఎంత వదలాలో, ఎక్కడ ఆపాలో ఆమె చూడక్కరలేదు. కాసేపటికి కిందనుంచి ఒక్క లాగు. బాగున్నాను. అత్త తిరిగి లాగింది. ఉన్నాను. గైడు ఇదంతా నోరు తెరిచి చూస్తున్నాడు. అతని పాఠంలో ఇది లేదు.

తర్వాత కింద నుంచి మామ గొంతు వచ్చింది. గుమ్మటం ఆ మాటని పట్టుకుని చుట్టూ తిప్పి మా మీద పోసింది.

"ఏమే, పడుకుని చూశాను. సరిగ్గా సరిపోయింది. పక్కన నీకూ చాలు."

నీకూ చాలు, నీకూ చాలు అంటూ పైకప్పు నాలుగైదుసార్లు అంది. పైన వేలాడే గబ్బిలం ఒకటి సర్దుకుంది.

అత్త చేతిలోని తాడు వైపు చూసింది. ఆమె ఆ తాడుని అలా చూడడం నేనెప్పుడూ చూడలేదు. చీరలో ఇరుక్కున్న ముల్లుని చూసినట్టు చూసింది. తాడుని ద్వారం దాకా లాక్కెళ్ళి, గొర్రె మూతి సింహం ముందుకాలికి చుట్టి ముడేసింది. రెండో ముడి కూడా వేసింది.

"అమ్మా, నాన్న కింద ఉన్నాడు," అంది మా ఆవిడ.

"చచ్చి పడుకుంటే ఎలా ఉంటుందో చూడడానికి దిగాడు. సరిగ్గా చూడనీ," అంది అత్త. "చచ్చినవాడి తాడు ఎవరు పట్టుకుంటారే?"

నా వైపు తిరిగింది. "నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను."

ముట్టుకునే హక్కు నాకు ముందు నుంచీ లేదు. ఆమె బయటికెళ్ళి గుమ్మం ముందు మెట్ల మీద, మాకు వీపు పెట్టి కూర్చుంది. మా ఆవిడ తల్లి వెనకే పోయింది.

నేనూ గైడూ మిగిలాం. తాడు ఒక్కసారి బిగిసి వదిలింది. సింహం ఉలకలేదు, పలకలేదు. కాసేపాగి మళ్ళీ ఒక్క లాగు. బాగున్నాను అని. ఉన్నాను అని చెప్పేవాళ్ళు లేరు. నా అరచేతులు దురద పెట్టాయి. వెనక్కి కట్టుకున్నాను.

తర్వాత రెండు లాగులు. సింహం కాలి దగ్గర దుమ్ము రాలింది.

"ఏమే," అంది కిందనుంచి గొంతు.

ఏమే, ఏమే అంటూ పైకప్పు వెతికింది.

"పిలుస్తున్నారండీ," అన్నాడు గైడు.

"నన్ను కాదు," అన్నాను.

ఇంకోసారి రెండు లాగులు, గట్టిగా. తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం చాలాసేపు ఉంది. గైడు బెత్తం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను మెట్ల వైపు ఒక అడుగు వేశాను. అప్పుడు మెట్ల మీద కాళ్ళ చప్పుడైంది. మామ పైకొచ్చాడు, గోడ పట్టుకుని, తనంతట తానే. జుట్టులో గబ్బిలాల రెట్ట, వీపంతా రాజుగారి దుమ్ము. మొహం చూస్తే, మనిషి లేతగా కనపడ్డాడు. తప్పిపోయి దొరికిన పిల్లల మొహంలో ఉంటుందే, అలాంటి లేతదనం.

ఆయన తాడు వెంట చూపు నడిపించుకుంటూ పోయాడు. చివర సింహం ఉంది. దగ్గరికెళ్ళి వంగి ముడి చూశాడు.

"ఎవరు కట్టారు?"

"అత్త."

"ముడి బాగానే వేసింది," అన్నాడు.

విప్పడానికి గోళ్ళు సరిపోలేదు. పళ్ళతో విప్పుకున్నాడు. తాడు చుట్ట చుట్టి సంచిలో పెట్టి, గైడుని అడిగాడు.

"ఆ రాణిని ఎక్కడ పెట్టారో కూడా తెలీదా?"

"తెలీదండి."

"ఇక్కడైతే లేదు. నేను చూసొచ్చాను," అన్నాడు, గైడుకి కొత్త సంగతి చెప్పినట్టు.

బయటికొచ్చేసరికి గట్టు మీద సద్ది మూట విప్పి ఉంది. మేకలు రొట్టెలు ముగించి, ఉడికిన గుడ్ల దగ్గర అనుమానంగా నిలబడ్డాయి. ఒకటి మూట గుడ్డ నములుతోంది. మూడు మూరల దూరంలో కూర్చుని అత్త చూస్తూనే ఉంది, అదిలించలేదు.

"తిననీ. ఎంతైనా రాజుగారి ఇంటివాళ్ళు," అంది.

బస్సు కోసం టీ కొట్టు ముందు ఆగాం. మామ బల్ల మీద ఒక చివర, అత్త ఇంకో చివర. మధ్యలో ఇద్దరు మనుషులు పట్టేంత ఖాళీ. అందులో నేనూ మా ఆవిడా కూర్చోలేదు.

"వస్తావా, రావా?" అన్నాడు మామ, రోడ్డు వైపు చూస్తూ.

"ఎక్కడికి?"

"అదే. పక్కకి."

"ఇన్నాళ్ళకి అడిగావు."

"అడిగాను కదా. చెప్పు."

"రాను."

మామ చెప్పుతో నేల గీశాడు. ఒక లారీ పోయింది. దాని దుమ్ము సర్దుకునేదాకా ఆగి, అత్త మళ్ళీ అంది.

"నేనూ దిగితే పైన ఎవరుంటారు?"

బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు అత్త ముందెక్కి, వెనక్కి చూడకుండా చెయ్యి చాచింది. మామ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కాడు. ఆయనకి సాయం అవసరమని కాదు.

మా ఊరి మలుపు దగ్గర దిగేసరికి పొద్దున్నుంచి మాటివ్వని మబ్బులన్నీ ఒక్కసారిగా మాట నిలబెట్టుకున్నాయి. ఉన్నది ఒక గొడుగు. అది అత్త చేతిలో ఉంది. మామ దాని కిందికి దూరాడు. "వాన రాదన్నావుగా, బయట నడువు," అంది అత్త. అని, గొడుగు ఆయన వైపుకే వంచింది. నేనూ మా ఆవిడా తడిశాం. చరిత్ర పాఠం మాకే బాగా తగిలింది.

ఇంటికొచ్చాక మామ లోపలికి రాకుండా వానలోనే వెనక్కి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాను. పాదులో ఒక్కో గూటాన్ని రెండు చేతులా అటూ ఇటూ ఊపి పీకుతున్నాడు. తీగ చుట్టుకున్న గూటం దగ్గర మాత్రం ఆలస్యమైంది. ముందు తీగని విడదీసి పందిరికి ఎక్కించాడు, తర్వాత పీకాడు. గుంటల్లో కాలితో మన్ను తొక్కాడు. నాలుగూ తెచ్చి పొయ్యి పక్కన పడేసి, తల తుడుచుకోవడానికి వెళ్ళాడు.

"రాళ్ళ మనిషికి కబురు పంపాలి," అన్నాడు లోపల్నుంచి. "పాక గోడకి రాయి తెమ్మని. అది పడకముందే."

అత్త గూటాల వైపు చూసింది. ఎండు పుల్లలు పక్కనే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. ఆ గూటాలే పొయ్యిలో పెట్టింది. పచ్చి కర్రలు, పైగా తడి. పొగ తప్ప మంట లేదు. మా ఆవిడ ఊదింది, నేను ఊదాను. మేకలు మా సద్ది తిని ఉండకపోతే అంత ఆకలి వేసేది కాదు. అరగంట తర్వాత ఎలాగో కాలాయి, నాలుగూ.

నలుగురం కింద కూర్చున్నాం. రొట్టెలు, చిక్కుడు కూర. కాయలు ఉడకలేదు, పళ్ళ కింద కరకరమంటున్నాయి. ఉడకలేదని ఎవరూ అనలేదు. వంకాయ సంగతి అందరికీ తెలుసు. మామ తిని, ఖాళీ కంచం కొంచెం ముందుకి జరిపాడు. అత్త మళ్ళీ వడ్డించింది. బయట వాన పడుతూనే ఉంది. మేం నములుతూనే ఉన్నాం.